పాత ఇల్లు కొనేముందు చేయించిన తనిఖీ: నెల్లూరులో నా అనుభవం

నెల్లూరు మూలాపేటలో 1979లో కట్టిన ఇంటికి అడ్వాన్సు ఇచ్చే ముందు, పాత ఇళ్లను పరిశీలించి నివేదిక రాసిచ్చే ఒక సివిల్ ఇంజనీరు చేత తనిఖీ చేయించాను. అప్పటికే దస్తావేజులను వకీలు, గోడలను మేస్త్రి చూశారు కానీ, వెనుక వైపు వంటగదిపై ఉన్న సిమెంటు రేకుల సంగతి, వాటిలో ఆస్బెస్టాస్ అనే హానికరమైన ఖనిజపు పీచు ఉండవచ్చన్న సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఆ రేకులు కింది నుంచి కనిపించవు, ఎందుకంటే వాటి కింద థర్మాకోల్ సీలింగ్ వేశారు. ఇంజనీరు మాస్కు పెట్టుకుని, మమ్మల్ని బయటకు పంపి, నీళ్లు చిలకరించి ఒక బిళ్లను మెల్లగా పక్కకు జరిపారు. తరువాత ఫోటోలో చూపించారు: బోల్టు చుట్టూ రేకు నెర్రెలిచ్చింది, విరిగిన అంచున నూలుపోగుల వంటి తెల్లటి పీచు వేలాడుతోంది. అయితే అది ఆస్బెస్టాసేనని చూపుతో నిర్ధారించలేమని, ఆస్బెస్టాస్ లేని రేకులు కూడా ఇలాగే ఉంటాయని చెప్పి, తడిపిన చిన్న ముక్కను రెండు సంచుల్లో మూసి పరీక్షకు పంపారు. పన్నెండు రోజులకు వచ్చిన ఫలితంలో, ఆస్బెస్టాస్‌లో ఒక రకమైన తెల్ల ఆస్బెస్టాస్ ఉందని తేలింది.

చెక్కుచెదరని రేకు కింద కాపురం ఉండటం వల్ల ముప్పు తక్కువేనని ఆయన స్పష్టంగా చెప్పడం నాకు నచ్చింది. కోసినప్పుడు, రంధ్రం వేసినప్పుడు, పగలగొట్టినప్పుడు లేచే కంటికి కనబడని పీచు ఊపిరితిత్తుల్లో చేరితే, ఇరవై నలభై ఏళ్ల తరువాత కూడా క్యాన్సర్ రావచ్చు. రోహిణి కార్తె ఎండలకు తాళలేక రేకులకు తెల్లరంగు వేయించే మన ఊళ్లో, రంగు బాగా పట్టాలని ముందుగా పాచిని ఇనుప బ్రష్షుతో గీకిస్తారు. మా పుట్టింట్లో ఏటా జరిగిన ఆ పని గుర్తుకొచ్చి నాకు నిజంగా భయం వేసింది.

ఇల్లు కట్టిన సంవత్సరాన్ని బట్టి ధైర్యం తెచ్చుకోవడానికీ లేదు. బ్రిటన్ 1999లో ఆస్బెస్టాస్‌ను నిషేధించింది కనుక అక్కడ ఆ లెక్క కొంత పనికొస్తుంది. మన దేశంలో దిగుమతి చేసుకున్న తెల్ల ఆస్బెస్టాస్‌తో రేకుల తయారీ ఆగలేదు కాబట్టి, ఆ తరువాత కట్టిన ఇంటినైనా పరీక్షించుకోవలసిందే.

లోపాలూ ఉన్నాయి. నివేదిక మొత్తం ఇంగ్లీషులో ఉండటంతో, ఇల్లు ఎవరి పేరున కొంటున్నామో ఆ మా అమ్మగారికి ఒక్క ముక్క కూడా అర్థం కాలేదు. ఆస్బెస్టాస్ ఉండే అవకాశమున్న మరో రెండింటిని, అంటే డాబా నుంచి వాననీరు దిగే పాత సిమెంటు గొట్టాన్ని, పెరట్లో మునగచెట్టు మొదట్లో పోసిన విరిగిన రేకుల కుప్పను మొదటిసారి ఆయన గమనించనే లేదు. నేను అడిగాక మళ్లీ వచ్చి, అదనంగా ఏమీ తీసుకోకుండా రెండింటినీ నివేదికలో చేర్చారు. ఫీజు నాలుగున్నర వేలు, పరీక్ష ఖర్చు వేరు. ఆ నివేదిక చూపించి ధర తగ్గించమని అడిగితే యజమాని కాదనలేకపోయారు.

రేకులు దించే రోజున కూడా ఇంజనీరు గారు వచ్చారు. సుత్తులు పక్కన పెట్టించి, రేకులను తడిపించి, బోల్టులు కత్తిరించి ఒక్కొక్క రేకునూ విరగకుండా దింపించి, మందపాటి పాలిథిన్‌లో చుట్టించారు. ముఖానికి తువ్వాలు కట్టుకుని వచ్చిన ఇద్దరు కూలీలకు, గుడ్డ ఈ పీచును ఆపదని చెప్పి, సరైన మాస్కులు తొడిగాకే నిచ్చెన ఎక్కనిచ్చారు.