‘ఓషా 30 అవర్స్’ సర్టిఫికెట్ పేరుతో డబ్బు గుంజుతున్నారు, గల్ఫ్ వెళ్లేవాళ్లు జాగ్రత్త

స్కాఫోల్డింగ్ (పరంజా కట్టడం), రిగ్గింగ్ (బరువులు ఎత్తించడం), వెల్డింగ్ పనుల మీద గల్ఫ్ వెళ్లబోయే అన్నలు, తమ్ముళ్లు, వాళ్ల ఇంట్లోవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. "ఓషా సర్టిఫికెట్ లేకపోతే సైట్‌లోకి రానివ్వరు, వీసా కూడా ఆగిపోద్ది" అని భయపెట్టి కరీంనగర్‌లో ఒక ట్రైనింగ్ సెంటర్ మా బావమరిది దగ్గర 18 వేలు కట్టించుకుంది. ఆ కాగితం సౌదీలోని దమ్మామ్‌లో సైట్ గేటు దగ్గరే చెల్లలేదు.

ఆదివారం పొద్దున అందరినీ కూర్చోబెట్టి ఇంగ్లీషు స్లైడ్లు చూపించారు. భోజనాల వేళకి, ముందే టిక్కులు పెట్టి ఉన్న ప్రశ్నపత్రం మీద సంతకాలు తీసుకున్నారు. సాయంత్రానికల్లా లామినేషన్ చేసిన సర్టిఫికెట్ చేతిలో పెట్టారు. పైన గద్ద బొమ్మ, పక్కన బంగారు రంగు సీలు, కింద క్యూఆర్ కోడ్. స్కాన్ చేస్తే పేరు, ఫొటో, పచ్చ టిక్కుతో ‘వెరిఫైడ్’ అని వస్తుంది. చూసినవాళ్లెవరైనా నమ్ముతారు. కానీ ఫోన్‌లో పైన అడ్రస్ చూస్తే, తెరుచుకున్నది ఆ సెంటర్ వాళ్ల సొంత వెబ్‌సైట్! వాళ్లు అమ్మిన కాగితానికి వాళ్లే సాక్షులు.

అసలు ఓషా అంటే అమెరికా కార్మిక శాఖ కింద పనిచేసే భద్రతా సంస్థ. వాళ్ల 10 గంటల, 30 గంటల కోర్సులు అమెరికాలో పనిచేసేవాళ్ల కోసం పెట్టినవి. రోజుకి ఏడున్నర గంటలకు మించి చెప్పకూడదని వాళ్ల నియమం, అంటే 30 గంటల కోర్సుకి తక్కువలో తక్కువ నాలుగు రోజులు పడుతుంది. ఒక్క పూటలో అయిపోయిందంటే అక్కడే తెలిసిపోతోంది. కోర్సు పూర్తయినవాళ్లకు వచ్చేది కార్మిక శాఖ పేరున్న ప్లాస్టిక్ కార్డు, ఏ4 సైజు సర్టిఫికెట్ కాదు. ఆన్‌లైన్‌లో చేసినా ఆ సమయానికి అమెరికాలోనో, వాళ్ల అధీన ప్రాంతాల్లోనో ఉండాలి. కాబట్టి మన ఊళ్లో కూర్చుని "ఒరిజినల్ ఓషా" అన్నవాడి మాట ఎంత గట్టిగా చెప్పినా నమ్మకండి.

డబ్బు పోవడం ఒక ఎత్తు. దమ్మామ్‌లో సేఫ్టీ ఆఫీసర్ మా వాడికి ఫుల్ బాడీ హార్నెస్ (ఎత్తు నుంచి పడిపోకుండా ఒంటికి కట్టుకునే పట్టీలు) ఇచ్చి వేసుకోమన్నాడు. భుజాల పట్టీలు వేసుకుని ఛాతీ బకిల్ పెట్టాడు, తొడల పట్టీలు మాత్రం అలాగే వేలాడుతూ ఉన్నాయి. ఆ పట్టీలు బిగించకుండా పైనుంచి పడితే మనిషి హార్నెస్‌లోంచే జారిపోవచ్చు. స్కాఫోల్డింగ్‌కి ఎర్ర ట్యాగు కడితే ఎక్కకూడదని, పచ్చ ట్యాగు ఉంటేనే ఎక్కాలని కూడా వాడికి ఎవరూ చెప్పలేదు. ‘30 గంటల శిక్షణ’ పొందిన మనిషికి! అక్కడ ఆఫీసర్ పట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది. న్యూయార్క్‌లో ఒక సంస్థ శిక్షణ ఇవ్వకుండానే దాదాపు 20 వేల సేఫ్టీ కార్డులు, సర్టిఫికెట్లు ఇచ్చిందని 2024 ఫిబ్రవరిలో అక్కడి ప్రాసిక్యూటర్లు కేసు పెట్టారు. అలా కార్డు పొందిన ఒక కార్మికుడు 2022 నవంబరులో 15వ అంతస్తు ఎత్తు నుంచి పడి చనిపోయాడు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

మీరు డబ్బు కట్టకముందే, ఏ సర్టిఫికెట్ కావాలో, దాని ఖర్చు ఎవరిదో మీకు ఆఫర్ ఇచ్చిన కంపెనీ చేత రాతపూర్వకంగా చెప్పించుకోండి. ఏజెంటు వాట్సాప్‌లో పంపే వాయిస్ మెసేజ్ చాలదు. ఏజెంటుకి లైసెన్స్ ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో కనిపిస్తుంది. లైసెన్స్ ఉన్న ఏజెంటు తీసుకోగల సర్వీస్ ఛార్జీ గరిష్ఠంగా 30 వేలు, దాని మీద జీఎస్టీ. ప్రయాణానికి ముందు ప్రభుత్వం ఇచ్చే ఓరియెంటేషన్ శిక్షణ ఉచితం, దానికి కూడా డబ్బు అడిగితే అనుమానించండి. తెలంగాణవాళ్లయితే టామ్‌కామ్ ఆఫీసులో అడగండి, అది విదేశీ ఉద్యోగాలు చూపించే ప్రభుత్వ సంస్థే. సూపర్‌వైజర్ పోస్టుల కోసం నెబోష్ (బ్రిటన్ సంస్థ ఇచ్చే సేఫ్టీ కోర్సు) చేయాలనుకునేవాళ్లు సెంటర్ గోడ మీది లోగో చూసి ఆగిపోకండి. నెబోష్ వెబ్‌సైట్‌లోని లెర్నింగ్ పార్టనర్ల జాబితాలో ఆ పేరు ఉందో లేదో వెతకండి. "పాస్ గ్యారంటీ" అన్నాడంటే లేచి వచ్చేయండి.

ఇప్పటికే కట్టినవాళ్లు ఊరుకోవద్దు. ఫోన్‌పే స్క్రీన్‌షాట్, రసీదు, పాంప్లెట్, ఆ సర్టిఫికెట్ అన్నీ దాచిపెట్టుకుని 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు కేసుకి ఫీజు లేదు. డబ్బు వాపసు అడిగితే సెంటర్ వాళ్లు మాకిచ్చిన జవాబు "కోర్సు పూర్తయింది కదా" అని. మేం కమిషన్‌లో కేసు వేస్తున్నాం. ఇలాగే భయపెట్టి అంటగట్టిన కాగితాలు ఇంకెవరి దగ్గరైనా ఉంటే మీరూ మీ జిల్లాలో ఫిర్యాదు చేయండి.