టీవీ ముందు గంటా, సెంటర్లో మూడు దినాలా, సైటు మీద అరగంటా? కూలీకి ఏ సేఫ్టీ ట్రైనింగ్ మేలు?

పోయిన ఎండాకాలం జడ్చర్ల దగ్గర ఒక సైటులో గుంపు మేస్త్రీ ఒకాయన నన్ను పక్కకు పిలిచి అడిగాడు. "సార్, మా వాళ్ళను మూడు దినాలు ట్రైనింగుకు పంపుమంటున్నరు. ఇరవై రెండు మంది ఉన్నం. మూడు దినాల కూలి ఎవరిస్తరు? పోయొచ్చినంక పానం దక్కే పని ఏమన్న నేర్చుకుంటరా? అది జెప్పుండ్రి."

ఆయన అడిగిన రెండు ప్రశ్నలూ న్యాయమైనవే. పదకొండేళ్ళుగా సైట్ల మీద సూపర్‌వైజర్‌గా ఉంటున్నాను. మూడు రకాల శిక్షణనూ దగ్గర నుంచి చూశాను. నాకు అర్థమైనంతలో చెబుతాను.

పెద్ద సైట్లలో కనిపించేది టీవీ శిక్షణ. కొత్తగా వచ్చినవాళ్ళను పొద్దున్నే షెడ్డులో కూర్చోబెట్టి గంటసేపు హిందీ వీడియో చూపిస్తారు. రిజిస్టర్‌లో సంతకమో, వేలిముద్రో పెట్టించుకుని, హెల్మెట్టూ గేట్ పాసూ చేతికిస్తారు. ఖర్చు తక్కువ, ఎవరూ తప్పించుకోలేరు. అంబులెన్స్ ఎక్కడుంటుంది, క్రేన్ కింద ఎందుకు నిలబడకూడదు లాంటివి చెప్పడానికి అది చాలు. కానీ దేవరకొండ తండాల నుంచి వచ్చిన లంబాడీ ఆడవాళ్ళకు ఆ హిందీ ఎంత ఎక్కుతుంది? ఒడిశా నుంచి వచ్చిన పిల్లలకు ఎంత ఎక్కుతుంది? నేను పనిలో చేరిన కొత్తలో నల్లగొండ వైపు ఒక సైటులో నిచ్చెన జారి ఒక పిల్లగాడి తుంటి విరిగింది. నిచ్చెన పైకొసను ఎవరూ కట్టలేదు. వీడియో చూసినట్టు అతని సంతకం మాత్రం రిజిస్టర్‌లో ఉంది. ఆ రోజు అందరూ ముందుగా వెతికింది ఆ రిజిస్టర్‌నే. అది నేను మరిచిపోలేను.

రెండోది సెంటర్‌కు పంపడం. హైదరాబాద్‌లో 1998లో పెట్టిన జాతీయ నిర్మాణ అకాడమీ, అంటే మనం న్యాక్ అనేది, ఇలాంటి పని నేర్పడానికి పుట్టిన సంస్థే. శిక్షణ కోసమే ఉన్న చోట తప్పు చేసినా ప్రాణం పోదు. నేర్పేవాడికి తొందర ఉండదు, సామాను సక్రమంగా ఉంటుంది. ఇది చిన్న లాభం కాదు. చిక్కు తిరిగొచ్చాక మొదలవుతుంది. అక్కడ ఇనుప పైపుల పరంజా మీద నేర్చుకుంటే ఇక్కడ సర్వీ కట్టెలూ, కొబ్బరి తాడూ ఎదురవుతాయి. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది. నేర్చుకొచ్చిన కూలీ "మేస్త్రీ, ఇది తప్పు" అనగలడా? అడ్వాన్సు ఇచ్చిందీ, ఊరి నుంచి తోలుకొచ్చిందీ మేస్త్రీయే. పాలమూరు గుంపుల సంగతి తెలిసినవాళ్ళకు దీన్ని విడమర్చి చెప్పక్కరలేదు. మేస్త్రీకి రాని జాగ్రత్త గుంపులో నిలవదు.

మూడోది, పని మొదలయ్యే ముందు సైటు మీదే, వాళ్ళ సామానుతోనే, వాళ్ళ చేతులతోనే చేయించే అరగంట. నా మొగ్గు దీనివైపే. ఎందుకో, ఎత్తు మీద పనిచేసేవాళ్ళు కట్టుకునే సేఫ్టీ బెల్టు సంగతితో చెబుతాను.

చాలామంది బెల్టు కట్టుకుంటారు. హుక్కు మాత్రం కాళ్ళ దగ్గరున్న పైపుకు తగిలిస్తారు. బెల్టునూ హుక్కునూ కలిపే తాడు పొడవు 1.8 మీటర్లు. బెల్టుకు తాడు తగిలే రింగు వీపు మీద, పాదాల నుంచి దాదాపు 1.5 మీటర్ల ఎత్తులో ఉంటుంది. మనిషి జారితే తాడు బిగిసేసరికి పాదాలు హుక్కు కిందికి 3.3 మీటర్లు పోవాలి. ఒక అంతస్తు ఎత్తే దాదాపు 3 మీటర్లు! తాడు బిగియకముందే నేల తగులుతుంది. అదే హుక్కును తలపైన, 2.2 మీటర్ల ఎత్తులో, పోసి గట్టిపడ్డ కాలమ్‌కు చుట్టిన తాడుకు తగిలిస్తే పడేది 1.1 మీటర్లే. తాడుకున్న షాక్ అబ్సార్బర్, అంటే కుదుపు తగ్గించడానికి సాగే ముక్క, సాగినా ఇంకో మీటరు. నేల తగలకముందే ఆగుతాడు.

ఈ లెక్కను బోర్డు మీద రాస్తే తలలూపుతారు. మేము మనిషి పొడవు సంచిలో ఇసుక నింపి, బెల్టు కట్టి, కింద ఎవరూ లేకుండా చూసి మొదటి అంతస్తు అంచు నుంచి రెండుసార్లు తోస్తాం. మొదటిసారి హుక్కు కాళ్ళ దగ్గర, రెండోసారి తలపైన. మొదటి సంచి నేలకు కొట్టుకుని పగిలినప్పుడు ఎవరూ మాట్లాడరు. ఆ మధ్యాహ్నం హుక్కులన్నీ వాటంతట అవే పైకి పోతాయి.

తర్వాత ఒక్కొక్కరినీ బెల్టుతో నేలకు అడుగెత్తున, పక్కన మనిషిని పెట్టి, నిమిషం వేలాడదీస్తాం. తొడల పట్టీలు కోస్తుంటే అప్పుడు తెలుస్తుంది, పట్టీ వదులుగా ఎందుకు ఉండకూడదో, పడి వేలాడేవాణ్ణి నిమిషాల్లో ఎందుకు దించాలో. కదలకుండా వేలాడితే రక్తం కాళ్ళలోనే ఆగిపోయి ప్రాణం మీదికొస్తుంది. ఆడవాళ్ళను ఇందులో వదిలేయడం నాకు చాలా బాధ. "వాళ్ళు ఇటుకలే కదా మోసేది" అంటారు. తలమీద తట్టతో స్లాబు అంచు దాకా నడిచేది వాళ్ళే. చీర మీద తొడపట్టీ కుదరదు. పైజామా, చొక్కా, వాళ్ళ సైజు బెల్టు ఇచ్చి వాళ్ళకూ నేర్పాలి.

నిచ్చెనది రెండు నిమిషాల పని. నాలుగు మీటర్లు పైకి పోతే అడుగుభాగం గోడకు ఒక మీటరు దూరం, పైకొస స్లాబు మీదికి మరో మీటరు లేవాలి, కట్టాలి.

గుంతల దగ్గరే ఎక్కువ వాదన. కాలువలూ, ఆనకట్టలూ తవ్విన పాలమూరు చేతులవి. "మా తాతల నాటి నుంచి తవ్వుతున్నం" అంటారు, నిజమే. కానీ ఎండలో రాయిలా ఉన్న చలక నేల వాన పడ్డ తెల్లారి అలాగే ఉండదు. ఒక ఘనమీటరు మట్టి ఒకటిన్నర టన్నుకు తగ్గదు. ఛాతీ దాకా కప్పినా ఊపిరాడదు. ఒకటిన్నర మీటరు దాటితే పక్కలకు ఊతం పెట్టాలి, లేదా గట్లను వాలుగా కోయాలి.

అరగంట పద్ధతికీ లోపముంది. నేర్పేవాడికి తప్పొస్తే గుంపంతటికీ తప్పొస్తుంది. నెల తిరిగేసరికి హాజరు పిలుపులా మారిపోతుంది. అందుకే మూడింటిలో ఒకటే చాలనను. మేస్త్రీని సెంటర్‌కు పంపాలి, గుంపుకు సైటు మీద ఆయనే నేర్పాలి, వీడియో గేటు దాకా ఉంటే చాలు.

ఒక్క మాట ఒప్పుకోవాలి. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగం లోపల దాదాపు 14 కిలోమీటర్ల దూరంలో పైకప్పు కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయారు. అలాంటి చోట కూలీకి బెల్టు నేర్పి ఏం లాభం? నేలనూ నీటినీ చూసి పని ఆపించే బాధ్యత పైవాళ్ళది. దాన్ని కూలీ శిక్షణ మీదికి నెట్టకూడదు.

ఆ మేస్త్రీకి ఇదే చెప్పాను. ఇరవై రెండు మంది వద్దు, నువ్వొక్కడివే పో, మూడు దినాల కూలి బిల్డర్ దగ్గర నేను అడుగుతాను. రోజూ అరగంట పని వేళలోనే పోవాలి, భోజనం వేళలో కాదు. బిల్డర్ కొంత గునిసి ఒప్పుకున్నాడు.

మహబూబ్‌నగర్ గల్లీల్లో ఆరుగురితో ఇల్లు కట్టుకునేవాళ్ళకు మేస్త్రీని పంపే బిల్డర్ ఉండడు. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1996 నాటి నిర్మాణ కార్మికుల చట్టాన్ని కూడా 10 మంది, ఆపైన ఉన్న పనులకే రాశారు. అక్కడ ఇంటాయనే స్లాబుకు ముందురోజు సాయంత్రం అరగంట నిలబడాలి. స్లాబును కింద నుంచి మోసే సెంట్రింగ్ పోట్లను ఒక్కొక్కటీ చేత్తో ఊపించాలి, నిచ్చెన కట్టించాలి, పక్కన కరెంటు లైన్ పోతుంటే పొడుగు రాడ్లను నిలువుగా ఎత్తకుండా అడ్డంగా మోయించాలి.