మెనింగోకాకస్, గనోకాకస్: ఒకే కుటుంబం, రెండు దారులు

కర్నూలు, కడపల నుంచి హజ్‌కు వెళ్లేవాళ్లు ముందే వేయించుకునే టీకా మెదడు పొరల వాపు తెచ్చే మెనింగోకాకస్ అనే బ్యాక్టీరియాను అడ్డుకోవడానికే. దాని దాయాది గనోకాకస్, గనేరియా అనే సుఖవ్యాధి తెచ్చేది. గనోకాకస్‌ను 1879లో నైసర్ అనే వైద్యుడు గుర్తించాడు, మెనింగోకాకస్‌ను 1887లో వైక్సెల్‌బామ్ అనే మరో వైద్యుడు. బ్యాక్టీరియాను గుర్తించేందుకు వాడే గ్రామ్ రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే రెండూ గులాబీ రంగు జంటలే, ఎదురెదురుగా పెట్టిన అలసంద గింజల్లా. మాల్టోజ్ చక్కెరను మెనింగోకాకస్ పులియబెడుతుంది, గనోకాకస్‌కు అది చేతకాదు.

మెనింగోకాకస్ చాలామంది గొంతులో ఏ హానీ లేకుండా ఉంటుంది, తుంపర్లతో పాకుతుంది. రక్తంలోకి దిగిందా, ఇక గంటల లెక్కే. జ్వరం, మెడ పట్టేయడం, వెలుతురు చూడలేకపోవడం, ఒంటిమీద ఊదా మచ్చలు. గాజు గ్లాసుతో అదిమినా మచ్చ పోకపోతే ఆటో ఎక్కి పెద్దాసుపత్రికి పోవాల్సిందే. మచ్చల్లేవని ఆగకూడదు కూడా. మందు పడినా పదిమందిలో ఒకరి ప్రాణం పోవచ్చు, బతికినవాళ్లలో కొందరికి వినికిడి పోతుంది.

గనోకాకస్ ప్రాణం తీయడం అరుదు, కానీ సిగ్గు దానికి కలిసొస్తుంది. మగవాళ్లకు మూత్రంలో మంట, చీము. ఆడవాళ్లలో చాలామందికి ఏమీ తెలియదు. అండం గర్భాశయానికి చేరే నాళాలు దెబ్బతిని పిల్లలు పుట్టకపోవచ్చు. కాన్పులో బిడ్డ కళ్లకూ సోకుతుంది.

రెండింటికీ సెఫ్ట్రయాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఇంజక్షన్ పనిచేస్తుంది. అయితే గనోకాకస్ పెన్సిలిన్‌కూ, సిప్రోఫ్లాక్సాసిన్‌కూ చాలావరకు లొంగడం మానేసింది. మెడికల్ షాపులో అడిగి మింగే మాత్రల కన్నా ప్రభుత్వాసుపత్రిలో సుఖవ్యాధులు చూసే సురక్ష క్లినిక్ మేలు. భార్యాభర్తలిద్దరికీ అక్కడ మందిస్తారు.