బెంగళూరులో 60 లక్షల క్యామ్రీ: కొనేది ఎవరు?

టయోటా తొమ్మిదో తరం క్యామ్రీని 2024 డిసెంబరులో 48 లక్షల రూపాయల ఎక్స్‌షోరూమ్ ధరకు మన దేశంలో విడుదల చేసింది. 2025 సెప్టెంబరులో జీఎస్టీ రేట్లు మారినప్పుడు అందులో లక్ష పైచిలుకు తగ్గింది. అయితే బెంగళూరులో రిజిస్టర్ చేయించుకునేవారికి ఆ తగ్గింపు కంటికి ఆనదు. 20 లక్షలు దాటిన పెట్రోల్ కారుకు కర్ణాటకలో 18 శాతం జీవితకాల రోడ్డు పన్ను, ఆ పన్ను మీద మళ్ళీ సెస్సు ఉండడంతో ఈ రెండింటికే తొమ్మిది లక్షలు దాటిపోతాయి. బీమా, తక్కిన ఖర్చులు కలిపితే బండి ఇంటికి చేరేసరికి లెక్క 60 లక్షల దరిదాపుల్లో తేలుతుంది. ఇంత పెట్టి కొన్న కారు ముందు మెరిసే గుర్తు, ఏడు లక్షల లోపే మొదలయ్యే టయోటా చిన్న కారు గ్లాంజా మీద ఉన్న గుర్తూ ఒకటే. ఈ సమీక్షలో నేను ముఖ్యంగా పరిశీలించదలచుకున్నది కారు బాగుందా లేదా అని కాదు. ఆ గుర్తుతో ఈ ధరకు సెడాన్‌ను అమ్మడం సాధ్యమేనా అన్నదే అసలు విషయం.

నేను నడిపిన కారు యెలహంకలో ఉండే మా బావగారిది. హిందూపురం పక్కన తూముకుంట పారిశ్రామికవాడలో ఆయనకు చిన్న యూనిట్ ఉండడం వల్ల జాతీయ రహదారి 44 మీద చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, కొడికొండ చెక్‌పోస్టు మీదుగా తరచూ వెళ్ళి వస్తుంటారు. సాధారణంగా డ్రైవరే నడుపుతాడు. ఇదే డబ్బుకు జర్మన్ కారు తీసుకోవచ్చు కదా అని చుట్టాలంతా అడిగిన ప్రశ్నే నేనూ అడిగాను. "బావా, నేను కూర్చునేది వెనక సీట్లో. ముందున్న గుర్తు నాకెక్కడ కనిపిస్తుంది?" అన్నారు. నవ్వుతూనే అన్నా, ఈ కారుకు సరిపోయే కొనుగోలుదారు ఎలాంటివాడో ఆ మాటలోనే ఉంది.

కాబట్టి వెనక సీటు గురించే ముందు చెప్పాలి. 4,920 మిల్లీమీటర్ల పొడవు, 2,825 మిల్లీమీటర్ల వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) ఉన్న కారులో కాళ్ళకు చోటు చాలకపోతేనే ఆశ్చర్యపడాలి. ముందు సీటును డ్రైవరు తనకు వీలైనంత వెనక్కి జరుపుకున్నా, వెనక కూర్చున్నవారు కాలు మీద కాలు వేసుకోవచ్చు. మధ్యలోని ఆర్మ్‌రెస్ట్‌ను కిందికి దించితే దాని చివర టచ్ ప్యానెల్ ఒకటి బయటపడుతుంది. సీటు వీపును వాల్చుకోవడం, వెనక భాగానికి విడిగా ఏసీ ఎంత ఉండాలో చెప్పడం, పాటల శబ్దం తగ్గించడం, వెనక అద్దానికి తెర ఎత్తడం అన్నీ అక్కడి నుంచే, డ్రైవరుతో ఒక్క మాట మాట్లాడకుండా చేసుకోవచ్చు. వీపు వాలేది కొద్దిగానే. అయినా బాగేపల్లి టోల్‌గేటు దాటాక కునుకు తీయడానికి ఆ కొద్దిపాటి వాలు చాలు. ఇబ్బందల్లా ఎక్కి దిగడంలోనే ఉంది. సీటు నేలకు దగ్గరగా ఉండడంతో మోకాళ్ళ నొప్పులున్న పెద్దలు కారులోకి దిగాల్సి వస్తుంది, దిగేటప్పుడు పైకి లేవాల్సి వస్తుంది. మా అత్తగారు ఇప్పటికీ ఇన్నోవా ఉంటేనే ప్రయాణానికి సిద్ధమవుతారు.

రెండున్నర లీటర్ల నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్, దానికి తోడు ఎలక్ట్రిక్ మోటారు, రెండూ కలిసి దాదాపు 230 హార్స్‌పవర్ ఇస్తాయి. హెబ్బాళ ఫ్లైఓవర్ దగ్గర సాయంత్రం వేళ బండ్లు అంగుళం అంగుళం జరుగుతున్నప్పుడు ఈ ఏర్పాటు విలువ తెలుస్తుంది. ఇంజిన్ చాలాసేపు ఆగిపోయి ఉంటుంది, బండి కరెంటు మీదే నడుస్తోందని చెప్పే ఈవీ అన్న పచ్చ గుర్తు మీటరులో వెలుగుతుంటుంది, పక్క ఆటో చప్పుడు తప్ప కారులో నిశ్శబ్దమే. ధ్రువీకృత మైలేజీ లీటరుకు 25.49 కిలోమీటర్లు. నిజజీవితంలో అంత రాకపోయినా, ఇంత పెద్ద పెట్రోల్ కారు నగరంలో ఇంత తక్కువ తాగడం మామూలు విషయం కాదు. మామూలు కారుకు మైలేజీ పడిపోయే ట్రాఫిక్‌లోనే ఇది తన లాభాన్ని చూపిస్తుంది. హైవే మీద కథ వేరు. గేర్లు మారడమంటూ లేదు కనుక లారీని దాటడానికి యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఇంజిన్ ఒక్కసారిగా గొంతెత్తి, వేగం అందేదాకా అదే శ్రుతిలో ఉండిపోతుంది. వేగం అందుతుంది కానీ, డ్రైవింగ్‌లో ఆనందం వెతుక్కునేవారికి ఆ ధ్వని రుచించదు. సస్పెన్షన్ మెత్తదనానికే మొగ్గింది. తొమ్మిది ఎయిర్‌బ్యాగులు, ముందు బండికి తగిన దూరం పాటించే క్రూజ్ కంట్రోల్, చల్లగాలి వీచే ముందు సీట్లు ఈ ధరలో ఉండవలసినవే, ఉన్నాయి.

వస్తువుగా కారుకు ఇంత చెప్పుకోదగిన గుణం ఉన్నప్పుడు ఇబ్బంది ఎక్కడ? అమెరికాలో ఉన్న మనవాళ్ళకు క్యామ్రీ అంటే ఉద్యోగంలో కుదురుకున్న కొత్తలో కొనుక్కునే కారు. అక్కడ 30 వేల డాలర్ల దరిదాపుల్లో మొదలవుతుంది. దుబాయిలో అది ట్యాక్సీ. బెంగళూరు తెలుగు కుటుంబాల్లో ఈ రెండు సంగతులూ తెలియనివారు అరుదు. అదే కారును ఇక్కడికి విడిభాగాలుగా తెచ్చి, మైసూరు రోడ్డులోని బిడది ఫ్యాక్టరీలో బిగించి, దిగుమతి సుంకం, 40 శాతం జీఎస్టీ కలిపి అమ్ముతున్నారు. అంటే కొనేవాడు చెల్లించేదాంట్లో పెద్ద వాటా పన్నులదే. తర్కం ప్రకారం ఇది జర్మన్ కార్లకూ వర్తిస్తుంది. కానీ సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు బంధువుల ముందు ఆ తర్కం నిలబడదు.

మామూలు కార్ల కంపెనీ విలాసం అమ్మబోయి దెబ్బతిన్న ఉదాహరణల్లో ఫోక్స్‌వ్యాగన్ ఫేటన్ అన్నిటికన్నా పెద్దది. ఆ కంపెనీ అధినేత ఫెర్డినాండ్ పియెక్ పట్టుబట్టి చేయించిన కారు అది. దాని కోసం డ్రెస్డెన్ నగరంలో గాజు గోడల ఫ్యాక్టరీ కట్టారు, 12 సిలిండర్ల ఇంజిన్ పెట్టారు. బయట 50 డిగ్రీల ఎండలో రోజంతా గంటకు 300 కిలోమీటర్ల వేగంతో నడిచినా లోపల 22 డిగ్రీలు ఉండాలని పియెక్ షరతు పెట్టినట్టు చెబుతారు. 2002లో వచ్చిన ఈ కారు నాలుగేళ్ళకే అమెరికా మార్కెట్ నుంచి వెనుదిరిగింది. 2016లో ఉత్పత్తి ఆగేనాటికి తయారైనవి మొత్తం 84 వేల పైచిలుకు మాత్రమే. విడ్డూరమేమిటంటే, దాదాపు అదే పునాది మీద కట్టినా విలాసానికి పేరున్న బెంట్లీ గుర్తుతో వచ్చిన కాంటినెంటల్ జీటీ మాత్రం బ్రహ్మాండంగా అమ్ముడుపోయింది. టయోటా ఈ ప్రమాదాన్ని ముందే ఊహించి 1989లో లెక్సస్ అన్న వేరే పేరుతో అమెరికాలోకి దిగింది. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో మనకు చిన్న కార్లు చేసిపెట్టే హ్యుందాయ్ 2008లో జెనెసిస్ సెడాన్ తెచ్చి, మరుసటి ఏడు ఉత్తర అమెరికా మేటి కారుగా బహుమతి కూడా అందుకుంది. అయినా 2015లో ఆ పేరును విడి బ్రాండుగా చేయక తప్పలేదు. మన దేశంలోనైతే హోండా అకార్డ్, నిస్సాన్ టియానా, ఫోక్స్‌వ్యాగన్ పసాట్, హ్యుందాయ్ సొనాటా ఒకదాని వెనక ఒకటి మూటాముల్లె సర్దుకుని వెళ్ళిపోయాయి. స్కోడా సూపర్బ్ 2024లో 54 లక్షలకు దిగుమతి కారుగా తిరిగి వచ్చింది, అదీ వంద కార్లే.

ఇదంతా చూసి సామాన్యమైన పేరు మీద ఖరీదైన బండి అమ్మడం కుదరదని తేల్చేస్తే పొరపాటే అవుతుంది. ఇదే టయోటా గుర్తుతో వెల్‌ఫైర్ 2023లో కోటీ 20 లక్షలకు వచ్చింది, ల్యాండ్ క్రూజర్ రెండు కోట్లు దాటింది. బుక్ చేసుకుని ఓపికగా ఎదురుచూసినవారు ఉన్నారు. ఆ గుర్తు గ్లాంజా మీద కూడా ఉందని అప్పుడెవరికీ అడ్డు రాలేదు. సోఫా లాంటి సీట్లతో ఇంటి గదిలా నడిచే వ్యాన్ కావాలంటే బీఎమ్‌డబ్ల్యూ దగ్గర దొరకదు. ల్యాండ్ క్రూజర్‌కు ఉన్న గట్టితనపు పేరు ఇంకొకరికి అరువు తెచ్చుకున్నా రాదు. పోలిక లేని చోట గుర్తు గురించి ఎవరూ పట్టించుకోరు. సెడాన్ విషయంలో మాత్రం పోలిక షోరూమ్ గుమ్మంలోనే నిలబడి ఉంటుంది. 2025 జులైలో బీఎమ్‌డబ్ల్యూ 2 సిరీస్ గ్రాన్ కూపే 47 లక్షల లోపే మొదలైంది. వెనక సీటు క్యామ్రీతో పోల్చదగినది కాకపోయినా, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పక్కపక్కన నిలిపినప్పుడు ఎవరి చూపు దేనివైపు వెళుతుందో చెప్పనక్కరలేదు. నా అభిప్రాయంలో ఈ తరగతి సెడాన్‌లో సగం ధర గుర్తుకే చెల్లుతుంది. సరిగ్గా ఆ సగంలోనే క్యామ్రీ దగ్గర చూపించడానికి ఏమీ లేదు.

ఇంకొక చిక్కు టయోటా ఇంట్లోనే ఉంది. క్యామ్రీ వచ్చిననాటి లెక్సస్ ఈఎస్ 300హెచ్ కూడా బిడదిలోనే తయారయ్యేది. పునాది అదే కుటుంబానిది, పెట్రోల్ ఇంజిన్, ఎలక్ట్రిక్ మోటారు కలిసి నడిపే రెండున్నర లీటర్ల హైబ్రిడ్ పద్ధతీ అదే. ధరలో తేడా మాత్రం దాదాపు 15 లక్షలు. మెరుగైన తోలు, మరింత నిశ్శబ్దం, వేరే షోరూమ్, వేరే మర్యాద ఆ 15 లక్షలకు వస్తాయి. క్యామ్రీ కొన్నవాడు మాత్రం సర్వీసుకు వెళ్ళినప్పుడు గ్లాంజా, ఇన్నోవా యజమానుల పక్కనే కూర్చుంటాడు. నాకైతే అందులో తక్కువతనమేమీ కనిపించదు. హిందూపురం వైపు దారిలో బండి మొరాయిస్తే చూసే సర్వీసు కేంద్రం దొరకడం కన్నా లెక్సస్ షోరూమ్‌లోని కాఫీ యంత్రం గొప్పదని అనుకోను. హైబ్రిడ్ బ్యాటరీకి ఎనిమిదేళ్ళు లేదా లక్షా 60 వేల కిలోమీటర్ల వారంటీ ఉండడమూ ఎక్కువ తిరిగేవారికి నిజమైన ధీమా.

పన్ను వైపు నుంచి వచ్చే పోటీ మరొకటి. 2024 మార్చిలో 41 లక్షలకు మొదలైన బీవైడీ సీల్ విద్యుత్ సెడాన్ మీద జీఎస్టీ ఐదు శాతమే, కర్ణాటకలో రోడ్డు పన్ను కూడా పెట్రోల్ కారు కన్నా తక్కువ. క్యామ్రీ పెట్రోలును ఎంత పొదుపు చేసినా ఆ తేడా తిరిగి రావడానికి చాలా ఏళ్ళు పడుతుంది. ఇంట్లో చార్జర్ పెట్టుకునే వీలు ఉండి, నగరం దాటి తరచూ వెళ్ళనివారు ముందు దానినే చూడాలి.

డ్రైవరును పెట్టుకుని నెలలో ఎక్కువ రోజులు దూరప్రయాణం చేస్తూ, ఒకే కారును ఎనిమిది పదేళ్ళు వాడుకునే అలవాటున్న వ్యాపారికి క్యామ్రీని నేను నిస్సంకోచంగా సిఫార్సు చేస్తాను. మూడేళ్ళకోసారి కారు మార్చే కోరమంగళ ఉద్యోగికి చేయను. స్వయంగా నడుపుకునేవారికి 2 సిరీస్ ఎక్కువ నచ్చుతుంది. ఇంట్లో పెద్దవాళ్ళు, పిల్లలు కలిసి తిరుపతి వెళ్ళే కుటుంబమైతే ఇదే కంపెనీ ఇన్నోవా హైక్రాస్ హైబ్రిడ్‌ను 30 లక్షల పైచిలుకుకే తీసుకుని, మిగిలిన డబ్బు బ్యాంకులో వేసుకోవచ్చు. టయోటావారు మాత్రం టెస్ట్ డ్రైవ్ అడిగినవారి చేతికి తాళం ఇచ్చే ముందు, సాయంత్రం ట్రాఫిక్‌లో వెనక సీట్లో కూర్చోబెట్టి ఒకసారి యెలహంక నుంచి మేఖ్రీ సర్కిల్ దాకా తిప్పి తీసుకురావడం మంచిది.