మెత్తటి ఫోమ్ సర్వైకల్ కాలర్: సరుకు మంచిదే, అవసరమే తక్కువ

సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న మా కారును వెనుక నుంచి మరో బండి గుద్దడంతో మా ఆవిడ మెడకు విప్‌లాష్ (మెడ ఒక్కసారిగా విదిలినప్పుడు తగిలే) దెబ్బ తగిలింది. అప్పుడు మెడికల్ షాపులో కొన్న, మెడ చుట్టూ కట్టుకునే ఫోమ్ కాలర్ గురించి ఈ సమీక్ష. వస్తువుగా దానికి పెద్దగా వంక పెట్టలేం. గడ్డం ఆనే చోట సరైన వంపు ఉంది, గుడ్డ తొడుగు ఉతకడానికి ఊడి వస్తుంది, మెడ చుట్టుకొలత టేపుతో చూసి మరీ సైజు ఇచ్చారు. వెల్క్రో అంచు మాత్రం మెడ వెనుక వెంట్రుకలను పీకుతుంది, మన ఎండలకు గడ్డం కింద చెమటా తప్పదు.

అసలు చిక్కు ఆ డబ్బా మీది రాతలో ఉంది. విప్‌లాష్‌కు వాడమని ఉంది గానీ, ఎన్నాళ్లన్నది లేదు. వెనుక నుంచి గుద్దినప్పుడు సీటు మొండాన్ని ముందుకు నెడుతుంది, దాదాపు ఐదు కిలోల బరువుండే తల మాత్రం క్షణకాలం వెనకబడుతుంది. ఆ లిప్తపాటులో మెడ కింది ఎముకలు వెనక్కి, పైవి ముందుకు వంగడం వల్ల కీళ్లు, కండరాలు, స్నాయువులు సాగి దెబ్బతింటాయి. ఎక్స్‌రేలో ఇవేవీ కనిపించవు, నొప్పి కూడా చాలామందికి మర్నాటికి గాని తెలియదు. ఎముక విరగలేదని తేలాక మెడను కట్టేసి ఉంచితే కండరాలు బిగుసుకుపోయి కోలుకోవడం ఆలస్యమవుతుంది కనుకనే, ఇప్పుడు వైద్యులు కాలర్‌కంటే నొప్పి మాత్రలకూ, ఓర్చుకోగలిగినంత మేర మెడను ఇటూ అటూ నెమ్మదిగా తిప్పే వ్యాయామాలకూ మొగ్గు చూపుతున్నారు. మా ఫిజియోథెరపిస్టు కూడా కాలర్ చూడగానే, "ఇది తీసి పక్కన పెట్టండమ్మా" అన్నారు. చాలామందికి కొన్ని వారాల నుంచి మూడు నెలల్లోపు తగ్గుతుంది, కొందరిని మాత్రం ఈ నొప్పి ఏళ్ల తరబడి వదలదు.

చేతుల్లో తిమ్మిరి, పట్టు తప్పడం, మెడను ఎటూ తిప్పలేకపోవడం ఉంటే మాత్రం ఏ కాలరూ కొనుక్కుంటూ కూర్చోకుండా, తల కదలనీయకుండా ఆసుపత్రికి చేరాలి.

నాణ్యతకు ఐదుకు నాలుగు మార్కులు, విప్‌లాష్‌కు ఉపయోగానికి రెండే వేస్తాను. గుద్దినప్పుడు తల అలా వెనకబడకుండా ఆపే కారు హెడ్‌రెస్ట్‌ను నడినెత్తి ఎత్తుకు లేపి, తల వెనుకకు వీలైనంత దగ్గరగా సర్దుకోవడానికి పైసా ఖర్చు లేదు, కానీ మన కార్లలో చాలావరకు అది కిందికే దిగి ఉంటుంది.