ఏడాదికి పైగా ఆన్‌లైన్ స్పీచ్ థెరపీ: మొదట అడగవలసింది ధ్వని గురించే

ఆన్‌లైన్ స్పీచ్ థెరపీ మొదలుపెట్టాలనుకునే వారిలో ఎక్కువమంది, పిల్లవాడు తెర ముందు కుదురుగా కూర్చుంటాడా అని అడుగుతారు. మా బంధువులు, మా బడిలోని తోటి ఉపాధ్యాయినులు నన్ను ఇప్పటికీ అడిగేది ఇదే. ఐదేళ్ళు నిండిన మా బాబుకూ, పక్షవాతం వల్ల మాట పడిపోయిన మా అత్తగారికీ ఏడాదికి పైగా ఈ పద్ధతిలోనే చికిత్స చేయించిన మీదట, కూర్చోబెట్టడం కొద్ది వారాల్లో సర్దుకునే విషయమని నేను ధైర్యంగా చెప్పగలను. ఇంట్లో పలికిన శబ్దం అవతల ఉన్న థెరపిస్టు చెవికి ఉన్నదున్నట్టు చేరుతోందా అన్న ప్రశ్నను మాత్రం ఎవరూ అడగడం లేదు. మేము ముందుగా డబ్బు కట్టిన సంస్థ యాప్‌లో సరిగ్గా ఆ ఒక్కటే చెడింది. ఆ కోపం నాకు ఇంకా తగ్గలేదు.

మేము ఆదోనిలో ఉంటాము. వారానికి రెండుసార్లు ఇద్దరినీ వెంటబెట్టుకుని కర్నూలు వెళ్ళి రావడం మా వల్ల అయ్యే పని కాదు కనుక ఆ సంస్థ ద్వారా హైదరాబాదులో ఉండే ఒక థెరపిస్టును ఆన్‌లైన్‌లో ఎంచుకున్నాము. ఆమె మొదటి కాల్‌లోనే బాబు వినికిడి పరీక్ష నివేదిక అడిగారు, అది చేతికి వచ్చేవరకు పాఠం మొదలుపెట్టలేదు. కర్ణభేరి వెనుక నీరు చేరి మాట మసకగా వినిపించే పిల్లలు ఎందరో ఉంటారనీ, వినపడని శబ్దాన్ని పలికించలేమనీ, ఈ పరీక్షను తెర మీద చేయడం కుదరదనీ ఆమె వివరించారు. జిల్లా ఆసుపత్రులలో 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద నడిచే ముందస్తు చికిత్సా కేంద్రాలలో పిల్లలకు ఇది ఉచితంగా చేస్తారు. థెరపిస్టుకు ఆర్‌సీఐ, అంటే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, ఇచ్చిన నమోదు సంఖ్య ఉందో లేదో కూడా మొదలుపెట్టకముందే అడిగి తెలుసుకోవాలి. ‘కమ్యూనికేషన్ కోచ్’ అని రాసుకున్నంత మాత్రాన ఆ అర్హత ఉన్నట్టు కాదు. ఇంట్లో కన్నడం కూడా మాట్లాడతాము, ఒక భాష మానేయాలా అని నేను అడిగితే, రెండు భాషలు వినడం వల్ల మాట ఆలస్యం కాదని ఆమె ఖచ్చితంగా చెప్పారు. ఆ మాట విన్నాక మా వారి ముఖంలో ఎంత ఊరట కనిపించిందో చెప్పలేను, ఎందుకంటే వారి తల్లి మాట పడిపోకముందు బాబుతో మాట్లాడేది కన్నడంలోనే.

మొదటి వారాలలో నాకు కలిగిన సంతోషం నిజమైనది. క్లినిక్‌లో అయితే అచ్చు బొమ్మల కార్డులు చూపిస్తారు. ఇక్కడ ఆమె మా వంటింట్లోకే వచ్చినట్టుగా, స తో మొదలయ్యే వస్తువులు ఏవి కనిపిస్తే అవి తెమ్మన్నారు. సబ్బు, సంచి, సీసా, సొరకాయ, గుప్పెడు సెనగలు చాప మీద పేర్చుకుని వాటితోనే పాఠం నడిచింది. అంతకుముందు సబ్బును తబ్బు అనీ, సీసాను తీతా అనీ అనే పిల్లవాడు, ఆమె రెండు విధాలుగానూ పలికి చూపిస్తే ఏది సరైనదో చప్పట్లు కొట్టి చెప్పడం త్వరగానే నేర్చుకున్నాడు. వినడంలో తేడా తెలిసింది కనుక ఇక పలకడమే మిగిలింది అనుకున్నాము.

చిక్కంతా అక్కడే వచ్చింది. స పలకాలంటే పళ్ళు దగ్గరగా చేర్చి, నాలుక కొనను పై పళ్ళ వెనుక ఆనీ ఆననట్టు నిలిపి, నాలుక మధ్యగా గాలిని సన్నగా వదలాలి. మాట సంగతి తర్వాత, ముందు పాము బుస కొట్టినట్టు ‘స్‌స్‌స్’ అని సాగదీయమని ఆమె చెప్పేవారు. నేను బాబు పెదవుల ముందు చూపుడువేలు పెట్టి చల్లటి సన్నగాలి తగులుతోందో లేదో చూసేదాన్ని. ఒక సాయంత్రం తగిలింది. శబ్దం కూడా పక్కన కూర్చున్న నాకు స్పష్టంగా వినిపించింది. తెరలో ఉన్న ఆమె మాత్రం ఏమీ విననట్టుగా, ‘మళ్ళీ అను కన్నా’ అన్నారు. వాడు మళ్ళీ అన్నాడు, ఆమె మళ్ళీ అడిగారు. ఇలా నాలుగైదుసార్లు జరిగాక వాడు విసిగిపోయి గట్టిగా ‘త’ అన్నాడు. ‘ఆ, ఇప్పుడు వినపడింది’ అన్నారు ఆమె. వాడు నా వైపు చూశాడు. ఆ చూపులో ఏముందో తల్లులకు వేరే చెప్పనక్కరలేదు. తాను సరిగ్గా పలికినప్పుడు ఎవరూ మెచ్చుకోలేదు, తప్పు పలికినప్పుడు మెచ్చుకున్నారు అని వాడికి అర్థమైంది. ఆ తర్వాత స పలకమంటే తల అడ్డంగా ఊపడం మొదలుపెట్టాడు.

ఇందులో థెరపిస్టు తప్పు లేదు. ఆమెకు నిజంగానే వినపడలేదు. వీడియో కాల్ యాప్‌లలో చుట్టుపక్కల చప్పుడును తీసివేసే ఏర్పాటు ఒకటి ఉంటుంది. ఫ్యాను హోరు, మిక్సీ మోత, వాన చప్పుడు వంటి ఒకే తీరుగా సాగే శబ్దాలను అది వెతికి తొలగిస్తుంది. స, శ, ష అనే అక్షరాల హల్లులలో గొంతులోని స్వరతంత్రులు కంపించవు, ఒట్టి గాలి రాపిడే ఉంటుంది. అందుకే సాగదీసిన ‘స్‌స్‌స్’ ఆ ఏర్పాటుకు ఫ్యాను హోరులాగానే తోస్తుంది. మామూలు సంభాషణలో ఈ నష్టం ఎవరికీ తెలియదు, ఎందుకంటే పక్కనున్న అచ్చుల సాయంతో మన మెదడు మాటను పూరించుకుంటుంది. ఒక్క స కోసమే కూర్చున్న పాఠంలో మాత్రం అదే కావలసిన సరుకు, అదే చెత్త కింద లెక్క అయి బయట పడిపోతోంది.

ఆమెకూ అనుమానం వచ్చింది కనుక, పాఠం నడుస్తుండగా మరో ఫోనులో బాబు గొంతు రికార్డు చేసి పంపమన్నారు. అందులో స నిక్షేపంలా ఉంది. తర్వాత నన్నే ‘స్‌’ అని సాగదీయమన్నారు. పెద్దదాన్ని, ఏ లోపమూ లేనిదాన్ని, నా స కూడా ఆమెకు మొదట కాస్త వినిపించి మాయమైంది. ‘ఆ’ అని సాగదీస్తే చివరిదాకా వినిపించింది. ఇంతకంటే రుజువు ఏం కావాలి? సంస్థ సహాయ విభాగానికి ఇదంతా వివరంగా రాస్తే ఇంటర్నెట్ వేగం చూసుకోమన్నారు, ఫోను ఆపి పెట్టమన్నారు, చివరకు ఆ ఏర్పాటు కాల్ స్పష్టత కోసమేననీ దాన్ని ఆపే వీలు లేదనీ జవాబిచ్చారు. మాట నేర్పడానికే పెట్టిన యాప్‌లో మాటలోని కొన్ని హల్లులకు చోటు లేకపోతే ఆ స్పష్టత ఎవరి కోసం? పోయిన పాఠాలకు డబ్బు తిరిగి ఇవ్వలేదు, గడువు మాత్రం పొడిగించారు.

అదే సంస్థ పంపిన స్వాగత సందేశంలో బ్లూటూత్ హెడ్‌సెట్ వాడితే మేలని రాసి ఉంది. ఆ సలహా కూడా ఈ పనికి నష్టమే చేస్తుంది. మైకు పని చేయడం మొదలుపెట్టగానే పాత రకం బ్లూటూత్ హెడ్‌సెట్లు ఫోను సంభాషణ పద్ధతిలోకి మారిపోయి 4,000 హెర్ట్జ్ లోపు ధ్వనిని మాత్రమే పంపుతాయి. పిల్లలు పలికే స లోని బలమంతా చాలావరకు అంతకంటే పైనే ఉంటుంది. అందుకే మామూలు వైరు ఇయర్‌ఫోన్ చాలు, అదే మెరుగు.

చివరకు థెరపిస్టే చొరవ తీసుకుని పాఠాలను జూమ్‌కు మార్చారు. అందులో ‘ఒరిజినల్ సౌండ్’ అనే మీట ఉంది, సంగీతం నేర్పేవారి కోసం పెట్టినది. దాన్ని ఆన్ చేస్తే చప్పుడును తీసివేసే ఆ వడపోత లేకుండా శబ్దాన్ని పంపుతుంది. దీనికీ ఒక ఖరీదు ఉంది. వడపోత లేకపోతే ఇంట్లోని చప్పుళ్ళన్నీ వెళ్ళిపోతాయి కనుక పాఠం జరిగినంతసేపు ఫ్యాను ఆపవలసి వచ్చింది. ఆదోనిలో ఏప్రిల్, మే నెలల్లో ఫ్యాను లేకుండా తలుపులు మూసుకుని పిల్లవాణ్ణి కూర్చోబెట్టడం ఎంత కష్టమో ఇక్కడివారికి తెలుసు. అందుకని పాఠాన్ని తెల్లవారి ఆరున్నరకు మార్చుకున్నాము. ఆ తర్వాత మాట మొదట్లో వచ్చే స కొద్ది వారాల్లోనే నిలబడింది. మాట మధ్యలో వచ్చే స మాత్రం తొందరగా మాట్లాడేటప్పుడు ఇప్పటికీ జారుతుంది.

మా అత్తగారి విషయంలో ధ్వని మరో రకంగా అడ్డుపడింది. ఎడమ మెదడుకు రక్తం ఆగిపోవడం వల్ల ఆమెకు అఫేసియా వచ్చింది. మనం చెప్పినది చాలావరకు అర్థమవుతుంది, తిరిగి చెప్పాలంటే మాట దొరకదు, కానీ పూజ వేళ పాట ఎత్తుకుంటే పదాలు వాటంతట అవే వస్తాయి. ఇలాంటివారి కోసం 1973లో బోస్టన్ పరిశోధకులు ప్రకటించిన మెలోడిక్ ఇంటోనేషన్ థెరపీ అనే పద్ధతి ఉంది. నిత్యం అవసరమైన వాక్యాన్ని రెండు స్వరాల రాగంలో పెట్టి, అక్షరానికొకసారి రోగి ఎడమ చేతిని తడుతూ, థెరపిస్టు, రోగి కలిసి పాడాలి. క్రమంగా థెరపిస్టు గొంతు తగ్గించి రోగిని ఒంటరిగా కొనసాగనివ్వాలి. ఇద్దరూ ఒకేసారి పాడడం అన్నదే వీడియో కాల్‌లో కుదరదు. ఎంత మంచి ఇంటర్నెట్ ఉన్నా ధ్వని చేరేసరికి లిప్తపాటు ఆలస్యం అవుతుంది, పాట కలవదు, కలవకపోతే అత్తగారు ఆగిపోతారు. అందుకని థెరపిస్టు ముందుగా నాకు నేర్పి, పాఠంలో తన మైకు ఆపుకుని చూస్తూ ఉంటే, నేను అత్తగారి పక్కన కూర్చుని ఎడమ చెయ్యి పట్టుకుని పాడించేదాన్ని. ‘నీరు బేకు’ (కన్నడంలో ‘నీళ్ళు కావాలి’) అన్న రెండు మాటలు అత్తగారు మొదటిసారి ఎవరి గొంతు తోడు లేకుండా అన్న రోజున మా వారు కన్నీళ్ళు పెట్టుకున్నారు. పక్షవాతం వచ్చిన తొలి నెలల్లో మాట కొంత తనంతట తానే తిరిగి వస్తుందని వైద్యులు చెబుతారు కాబట్టి, ఇదంతా పాట వల్లనే అని నేను అనను. ఆమె కొత్త వాక్యాలు కూర్చలేరు, పాడి నేర్చుకున్నవే అంటారు.

పార్కిన్సన్స్ వల్ల గొంతు సన్నబడిన పెద్దలకు నెల రోజుల్లో 16 పాఠాలుగా సాగే ఎల్‌ఎస్‌వీటీ లౌడ్ అనే శిక్షణను ఆన్‌లైన్‌లోనూ ఇస్తున్నారు. అక్కడ కూడా ఇదే జాగ్రత్త అవసరం. చిన్న గొంతును యాప్ దానంతట అదే పెంచి వినిపిస్తుంది కనుక రోగి నిజంగా గట్టిగా మాట్లాడుతున్నాడా అన్నది అవతలివారికి తెలియదు. మంచినీళ్ళు తాగితే పొలమారడం ఉన్నవారు మాత్రం ముందు ఆసుపత్రికే వెళ్ళాలి. అత్తగారికి ఆ లక్షణం ఉన్నప్పుడు మా థెరపిస్టు తెర మీద చూడడానికి ఒప్పుకోలేదు, నీరు ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పని నిక్కచ్చిగా చెప్పారు. ఆమె మీద నా గౌరవం ఆ రోజు మరింత పెరిగింది.

మొదట్లో నేను అంతగా మెచ్చుకున్న ఇంటి పాఠం గురించి ఇప్పుడు కొంత సవరించి చెప్పాలి. వంటింటి వస్తువులతో నేర్పడం నిజంగా మంచిదే, కానీ అక్కడ పేర్చేదీ, చెయ్యి పట్టేదీ, వేలు పెట్టి గాలి చూసేదీ, మిగిలిన ఐదు రోజులూ సాధన చేయించేదీ ఇంటి మనిషే. మా ఇంట్లో అది నేను. నేను ఒంటిపూట మాత్రమే పని చేసే బడిలో ఉన్నాను కనుక సాగింది. రోజంతా ఉద్యోగం చేసేవారికి, ఇంట్లో మరో మనిషి లేనివారికి ఇదే ఫలితం వస్తుందని నేను హామీ ఇవ్వలేను. రెండేళ్ళలోపు పిల్లలైతే తెర నుంచి నేరుగా పెద్దగా నేర్చుకోరు, అక్కడ థెరపిస్టు నేర్పేది పూర్తిగా తల్లిదండ్రులకే.

దగ్గరలో నేరుగా చూసే మంచి థెరపిస్టు ఉంటే, ముఖ్యంగా ఒక అక్షరం కోసమే వెళ్ళే పిల్లలకు, నేను అదే మేలంటాను. సికింద్రాబాదులో మాట, వినికిడి లోపాల కోసం ఉన్న అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, 1965 నుంచి పని చేస్తున్న మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఉంది. కనీసం తొలి పరీక్షలకైనా అలాంటి చోటికి ఒకసారి వెళ్ళి రావడం మంచిది. మా వంటి ఊళ్ళలో ఉన్నవారు ఆన్‌లైన్‌ను ఎంచుకుంటే, ప్యాకేజీకి డబ్బు కట్టకముందే నమూనా పాఠం అడిగి, అందులో ‘స్‌స్‌స్’ అని సాగదీసి, అవతలివారికి చివరిదాకా వినిపించిందో లేదో వారి నోటితోనే చెప్పించుకోవాలి. వినిపించకపోతే, వడపోత ఆపే మీట చూపించలేకపోతే, తగ్గింపు ధర ఎంత చెప్పినా ఆ సంస్థను వదిలేయడమే మంచిదని నా అభిప్రాయం. మేము ఆ సంస్థ గడువు ముగియగానే మానేశాము, అదే థెరపిస్టుతో జూమ్‌లో అత్తగారికి వారానికి ఒకసారి కొనసాగిస్తున్నాము, బాబును మాత్రం వేసవి సెలవుల్లో కర్నూలులో ఉండే మా అక్కగారింట ఉంచి నేరుగా చూపించాలనుకుంటున్నాము.