డీసీఆర్‌లో స్టెంట్ ఉండాలా, అక్కర్లేదా?

కన్నీటి నాళం మూసుకుపోయి కంట్లో ఎప్పుడూ నీరు కారుతుంటే పెద్దవాళ్లకు చేసే ఆపరేషన్ డీసీఆర్. ఎముకను కాస్త తొలిచి, కన్నీటి తిత్తి నుంచి ముక్కులోకి కొత్త దారి వేస్తారు. అది పూడిపోకుండా పెట్టే సన్నటి సిలికాన్ ట్యూబే స్టెంట్.

ఖర్చు: స్టెంట్ లేకుంటే ఆపరేషన్ బిల్లుతో సరి. ఉంటే ట్యూబ్ ధర అదనం.

శ్రమ: లేకుంటే మామూలు చెకప్‌లే. ఉంటే కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లోపు తీయించుకోవాలి. పెద్దవాళ్లకు ఓపీలోనే కంటి మూలలో కత్తిరించి, ముక్కులోంచి తీసేస్తారు. దానికి టెన్షన్ పడక్కర్లేదు.

రిస్క్: లేకుంటే దారి మళ్లీ మూసుకుపోతుందేమోనన్న భయం. ఉంటే చిక్కులు వేరే. కన్ను నలిపినా, ముక్కు గట్టిగా చీదినా ట్యూబ్ ఉచ్చులా బయటికి జారొచ్చు. దాన్ని లాగొద్దు, కత్తిరించొద్దు. బుగ్గకు ప్లాస్టర్‌తో అంటించుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. బిగుతైతే రెప్ప అంచున ఉన్న కన్నీటి రంధ్రాన్ని కోసేస్తుంది. చుట్టూ కండ పెరగడమూ ఉంది. అంటే, పూడకుండా పెట్టినదే ఒక్కోసారి పూడ్చేస్తుంది!

మొదటి ఆపరేషన్, అడ్డంకి తిత్తికి కిందే ఉందంటే నా ఓటు స్టెంట్ లేకుండానే. ఇలాంటి మామూలు కేసుల్లో స్టెంట్ వల్ల పెద్ద తేడా కనిపించలేదని చాలా అధ్యయనాలు చెప్పాయి. రెప్పల్లోని సన్న నాళాలే మూసుకుపోయినా, తిత్తి కుంచించుకుపోయినా, పాత ఆపరేషన్ ఫెయిలైనా స్టెంట్ వైపే మొగ్గాలి. పసిపిల్లల సంగతి వేరు: ముందు మసాజ్, తర్వాత ప్రోబింగ్ (సన్న కడ్డీతో నాళాన్ని తెరవడం), అదీ పనిచేయకపోతేనే ట్యూబ్.